కాగితం మీది పెళ్ళాం

జేబెజ్ టకెట్ నోట్లోంచి ఒక నిజం బయటికి రావాలంటే ముందు అరడజను అబద్ధాలు వెళ్ళి దారి ఊడ్చి, నీళ్ళు చల్లి రావాలి. ఇంగ్లండు ఖైదీలని ఓడల్లో తెచ్చి దొరల పొలాల్లో పనికి పెట్టిన ప్యాటర్సన్ నది ఒడ్డున ఈ సంగతి తెలియనివాడు లేడు, తప్పుపట్టినవాడూ లేడు. ఇనుపమాను దుంగ కోస్తుంటే రంపం పళ్ళు ఎర్రగా కాలాయని, వాటిమీదే డబ్బా పెట్టి టీ కాచుకున్నానని చెప్పేవాడు. ఆ టీ తాగామని సాక్ష్యం చెప్పేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఇప్పటికీ ఉన్నారు. చక్కెర కాస్త తక్కువైందంట.

అలాంటి మనిషి ఆ గురువారం మధ్యాహ్నం గొయ్యి మీద అడ్డంగా పరిచిన దుంగ మీద నిలబడి, రంపం పిడి పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే, ఒక్క మాట రాక నోరు తెరుచుకుని ఉండిపోయాడు. నోట్లోకి ఈగ వెళ్ళి, చుట్టూ చూసుకుని, మళ్ళీ బయటికొచ్చింది.

ఎదురుగా కమ్మరి హాగెట్ కాగితం పట్టుకుని నిలబడ్డాడు. క్రాబ్‌ట్రీ దొర పొలం మీద ఉన్న ఖైదీల్లో అక్షరం ముక్క వచ్చినవాడు హాగెట్ ఒక్కడే. ఎవరికి ఏ కాగితం వచ్చినా కొలిమి దగ్గరే విప్పాలి.

"మళ్ళీ చదువు," అన్నాడు జేబెజ్.

"ఎన్నిసార్లు చదివినా అదేరా. 'టకెట్ అను ఖైదీ, బ్రీన్ అను ఖైదీ స్త్రీని వివాహమాడుటకు అనుమతి లేదు. ఓడ దిగిన దినమున తాను వివాహితుడనని, భార్య పేరు సుసన్నా అని చెప్పియున్నాడు.' కింద గవర్నరు గారి ఆఫీసు ముద్ర. ముద్ర మాత్రం బాగుంది."

గొయ్యిలోంచి పొట్టు దులుపుకుంటున్న చప్పుడు, దగ్గు వినిపించాయి. కిందివైపు రంపం లాగే ముసలి పెథరిక్ తన వెడల్పాటి ఆకు టోపీ వెనక్కి నెట్టి పైకి చూశాడు. కనుబొమ్మల మీద దేవదారు పొట్టు ఎర్రగా పేరుకుపోయి ఉంది.

"ఏంట్రా పైన? రంపం ఎందుకాగింది?"

"వీడికి పెళ్ళి కాదంట, ఎందుకంటే వీడికి పెళ్ళయిందంట," అన్నాడు హాగెట్.

"అయింది కదా మరి," అన్నాడు పెథరిక్. "గవర్నరుకైనా తెలుసు. తెలియంది వీడొక్కడికే."

జేబెజ్ దుంగ మీద చతికిలబడ్డాడు. "హాగెట్టూ, ఒట్టు. ఓడ ఇంకా రేవులో ఉంది, గుమాస్తా ఒక్కొక్కణ్ణీ పిలిచి రాసుకుంటున్నాడు. నా వెనకాల నిలబడ్డవాడు రెండోసారి వచ్చినవాడు, అన్నీ తెలిసినవాడు. 'పెళ్ళయిందని చెప్పరా, పెళ్ళయినవాళ్ళని దూరం పంపరు, రోడ్డుపనిలో వెయ్యరు' అన్నాడు. గుమాస్తా 'పెళ్ళయిందా' అన్నాడు, అయిందన్నాను. 'పేరు' అన్నాడు. నాలుక మీదికి ఏదొస్తే అది అన్నాను. అంతేరా! ఆ ఒక్క ముక్కకి..."

"ఒక్క ముక్కా? ఆరేళ్ళ నుంచి ఆవిడ సంగతులు చెప్పి మా చెవులు తుప్పు పట్టించావు కదరా! పందెంలో ఎద్దుని ఎత్తిందన్నావు."

"దూడ. ఎద్దని నేనన్లేదు."

"నాకు ఎద్దనే చెప్పావు," అన్నాడు హాగెట్ రోషంగా.

గొయ్యిలోంచి పెథరిక్ రంపం కిందిపిడిని గట్టిగా ఒక్క గుంజు గుంజాడు. పని మొదలెట్టమని అర్థం. మూడు వారాలుగా జేబెజ్‌తో ఆయన మాటలన్నీ ఆ గుంజుడులోనే. జేబెజ్ హనోరాని చేసుకుంటానని చెప్పిన రోజునుంచీ అంతే. సుసన్నా అనే మనిషి లేదు, అదంతా ఉత్తుత్తి కథ అని జేబెజ్ ప్రాణం మీద ఒట్టు పెట్టుకుని చెప్పాడు. వాడు పుట్టాక చెప్పినవాటిల్లో పెథరిక్ నమ్మని మాట అదొక్కటే.

సాయంత్రం జేబెజ్ బట్టలుతికే పాక వైపు నడిచాడు. హనోరా బ్రీన్ రాగి కాగు పక్కన నిలబడి, మరుగుతున్న దొరగారి దుప్పట్లని కర్రతో తిప్పుతోంది. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి, జుట్టు చెమటకి నుదుటికి అతుక్కుంది. ఐర్లండు పిల్ల. ఏడేళ్ళ శిక్షలో అయిదు గడిచాయి. మాట పొదుపు, నవ్వు మాత్రం ధారాళం. జేబెజ్‌కి అందుకే నచ్చింది. తన కథలకి సగంలో నవ్వేవాళ్ళు చాలామంది ఉంటారు. చివరిదాకా ఆగి, ఆఖరి మాట పడ్డాక నవ్వేది ఈమె ఒక్కతే.

ఇవాళ నవ్వు లేదు.

"కాగితం వచ్చిందంటగా," అంది కాగులోకి చూస్తూ.

"వచ్చింది."

"మార్జరీ చెప్పింది. వంటింట్లోకి రాని కబురు ఈ పొలం మీద ఏముంటుంది?" కర్రకి దుప్పటి చుట్టి పైకెత్తి, నీళ్ళు కారనిచ్చి, పక్క తొట్టిలో పడేసింది. "సుసన్నా ఉత్తుత్తిదేనని నాతో అన్నావు. నేను నవ్వాను. గవర్నరుకి నవ్వు రాలేదే."

"లేని ఆడదాన్ని లేదని ఎట్లా చూపించను హనోరా? ఉన్నదాన్నయితే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపిద్దును."

"అది నువ్వు చూసుకో. నోటి మాటగా విన్నప్పుడు గాలి మాట అనుకున్నాను. ముద్ర పడి వచ్చిందంటే ఎవరో రాసుకున్నారు, ఎవరో దాచారు, సముద్రాల అవతలి సంగతి. నాకెట్లా తెలుస్తుంది?" మొదటిసారి మొహం ఎత్తి చూసింది. "నేను చేసిన పాపాలు నాకున్నాయి జేబెజూ, ఓడెక్కడానికి సరిపడా. ఇంకో ఆడదాని మొగుడికి వండిపెట్టే పాపం మాత్రం నాకొద్దు. ఆవిడ అక్కడ గడప మీద కూర్చుని దారి చూస్తూ ఉంటే, నాకిక్కడ ముద్ద దిగదు."

"గడపే లేదు!"

"నువ్వే చెప్పావంటగా, పచ్చరంగు వేసిన గడపని."

చెప్పే ఉంటాడు. పచ్చరంగు బాగుంటుందని అనిపించి ఉంటుంది.

మర్నాడు శుక్రవారం. రంపానికి పదును పెట్టించడానికని జేబెజ్ కొలిమికి వెళ్ళాడు. నిజానికి ఆ పొలం మీద రంపానికి పదును పెట్టేది తనే. పైవాడి పని అది. దుంగ మీద నిలబడేవాడే మసి పూసిన దారం లాగి గీత కొట్టాలి, గీత తప్పకుండా రంపాన్ని నడపాలి, ఆకురాయితో పన్ను పన్నూ అరగదీయాలి. కిందివాడు లాగడమే. అయినా ఆకురాయి మరిచిపోయానని అబద్ధమాడి వెళ్ళాడు. హాగెట్ నమ్మలేదు, అడగనూలేదు.

"చూడు, దీనికో దారుంది," అన్నాడు తిత్తి ఊదుతూ. "నది అవతలి పొలంలో ఒకడున్నాడు. లాయరు దగ్గర గుమాస్తాగా చేసి, ఎవరి సంతకమో పెట్టి ఓడెక్కాడు. ఇంగ్లండు నుంచి వచ్చినట్టే ఉత్తరాలు రాస్తాడు. టీ నీళ్ళలో ముంచి ఆరబెడతాడు, సముద్రం దాటొచ్చిందా అన్నట్టుంటుంది. 'మీ భార్య కాలధర్మం చేసినదని తెలుపుటకు విచారిస్తున్నాము.' కాస్త పొగాకు పట్టుకెళితే చాలు."

"పాదిరిగారు పట్టేస్తారు. ఆయనేమన్నారో వినలేదా? ఈ ఒడ్డున ఎవడైనా పెళ్ళి చేసుకుంటానంటే చాలు, ఇంగ్లండులో ఓ ఆడది చస్తోందని."

"పట్టుకున్నవి జ్వరం చావులు. అందరూ జ్వరమే రాయిస్తారు, బుర్ర లేక. నీకు కొత్తగా ఏదైనా చేయిద్దాం. కాలవలో పడిపోయిందని రాయిస్తే?"

"సుసన్నాకి ఈతొచ్చు," అన్నాడు జేబెజ్ చటుక్కున.

హాగెట్ తిత్తి ఆపి వాడి మొహంలోకి చూశాడు.

"పోనీ ఎద్దు పొడిచింది."

"వద్దులే." జేబెజ్ రంపం భుజాన వేసుకున్నాడు. "చచ్చిందంటే బతికి ఉండేదని ఒప్పుకున్నట్టేగా. హనోరా ఆవిడ కోసం కొవ్వొత్తి వెలిగించి ఏడుస్తుంది. జీవితమంతా లేని మనిషి తద్దినం పెట్టుకుంటూ కూర్చోవాలి మేము."

ఆ రోజంతా పెద్ద దేవదారు దుంగ మీద పని. ఆరు పలకలు దిగాలి. జేబెజ్ పైకి లేపడం, పెథరిక్ కిందికి లాగడం, కోత పడేది ఆ లాగుడులోనే. ప్రతి లాగుడుకీ ముసలాయన తల మీద గుప్పెడు పొట్టు. కోత బిగుసుకున్నప్పుడు పైనించి చెక్క చీల దిగగొట్టి, రంపానికి కొవ్వు రాసి, మళ్ళీ మొదలు. మామూలుగా అయితే ఈ పనిలో జేబెజ్ నోరు రంపం కంటే ముందు నడిచేది. ఇవాళ రంపం ఒక్కటే మాట్లాడింది. చెట్టు మీద, అచ్చం మనిషి నవ్వినట్టు కూసే నవ్వేపిట్ట ఒకటి విరగబడి నవ్వితే, అది కూడా తన గురించేనని జేబెజ్‌కి అనిపించింది.

శనివారం పొద్దున హనోరా సబ్బుకి కొవ్వు అడగడానికి వంటింటికి వెళ్ళింది. మార్జరీ పిండి పిసుకుతోంది. లండన్ మనిషి, లావుపాటిది, నోరు అంతకంటే లావు.

"ఏడవకే పిల్లా," అంది మార్జరీ. ఏడుస్తున్నది తనే. "ఆ సుసన్నా లాంటిదానితో పోటీ పెట్టుకోకూడదు. గుమ్మం ఎత్తు మనిషంట. ఎర్ర జుట్టు మోకాళ్ళ దాకా. ఆవిడ చేసిన జున్ను కోసం బిషప్పు బండి కట్టించుకుని వచ్చేవాడంట."

"గుమ్మం ఎత్తా?"

"వంగితే గానీ ఇంట్లోకి రాలేదంట పాపం."

హనోరా కొవ్వు గిన్నె చంకన పెట్టుకుని ఏదో ఆలోచిస్తూ కొలిమి మీదుగా తిరిగి వచ్చింది. సుసన్నా పొడుగాటి ఆడదని తనకెప్పుడూ అనిపించలేదు. జేబెజ్ తనకి చెప్పింది వేరు.

"హాగెట్ అన్నా, సుసన్నా ఎంత పొడుగు?"

"పొడుగా? గుప్పెడు మనిషమ్మా. నా మోచేతికి వస్తుందన్నాడు. ఆ గుప్పెడు మనిషి ఎద్దునెత్తిందనేగా వింత! నల్లజుట్టు. ఓ కన్ను మెల్ల."

హనోరా గిన్నె కింద పెట్టింది. అక్కణ్ణించి గొర్రెల దొడ్డికెళ్ళింది, పాలపాకకెళ్ళింది, నాగలి తోలేవాళ్ళ దగ్గరికెళ్ళింది. ఆ రోజు దొరగారి చొక్కాలు తొట్టిలోనే నానాయి. సాయంత్రానికి రంపపు గొయ్యి దగ్గరికి వచ్చి, అంచున నడుం మీద చేతులేసుకుని నిలబడింది. పెథరిక్ అప్పటికే గుడిసెకి వెళ్ళిపోయాడు.

"సుసన్నా జుట్టు ఏ రంగు?" అంది.

జేబెజ్ పలకలు పేరుస్తున్నవాడల్లా ఆగాడు. బుర్ర గోక్కున్నాడు.

"ఎవరికి చెప్పినప్పుడు?"

హనోరా మొహంలో ఏదో కదిలింది. నవ్వు కాదు, నవ్వు రావడానికి ముందు పెదవి చేసే పని.

"రేపు ప్రార్థన అయ్యాక అందరినీ పాదిరిగారి ముందు నిలబెడతాను. మూడు రంగుల జుట్టు, రెండు ఎత్తులు ఉన్న ఆడది ఎక్కడైనా ఉంటే నేను తప్పుకుంటాను. ఆవిడతో వేగడం నా వల్ల కాదు."

"సర్కారుకి అబద్ధం చెప్పానని తేలితే కొరడా పడుతుంది."

"వీపు గురించి భయమా?"

"వీపుకి అలవాటే." పలక కింద పెట్టాడు. "నువ్వు నమ్ముతున్నావా, లేదా? అది చెప్పు."

"రేపు చెప్తాను," అంది హనోరా. "ముసలాయన్ని కూడా తీసుకురా. నాలుగేళ్ళు నీ కింద నిలబడ్డ మనిషి. పాదిరిగారు ముందు ఆయన్నే అడుగుతారు."

ఆ సంగతి చెప్పగానే గుడిసెలో పెథరిక్ రొట్టె మీద బూడిద దులపడం ఆపాడు. నిప్పుల్లో కాల్చిన రొట్టె అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నన్ను పిలవొద్దు. నాకు అబద్ధం చేతకాదు, నీకు తెలుసు. అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్తాను."

"ఉన్నదే చెప్పు."

"ఉన్నది చెప్తే నీ పెళ్ళి ఆగిపోద్దిరా జేబెజూ," అన్నాడు. మూడు వారాల్లో అంత పెద్ద మాట అదే.

ఆదివారం ఖైదీలందరినీ వరసగా నిలబెట్టి లెక్క చూసుకున్నాక, గోధుమల కొట్టంలో ప్రార్థన. ఎల్విన్ పాదిరిగారు సన్నగా, ఎండకి కమిలిపోయి, ఎప్పుడూ ఏదో పోగొట్టుకుని వెతుక్కుంటున్నట్టు ఉండే మనిషి. ప్రార్థన అయ్యాక పీపా మీద పలక వేసి, సిరాబుడ్డి పెట్టుకుని, ముందు నిలబడ్డ గుంపుని చూసి నిట్టూర్చారు.

"టకెట్. ఉత్తరం తెచ్చావా? ఏం జబ్బు?"

"ఉత్తరం లేదయ్యగారూ. చావడానికి మనిషి లేదు. నేను ఓడలో అబద్ధమాడాను."

పాదిరిగారు కళ్ళజోడు సర్దుకున్నారు. ఇది ఆయనకి కొత్త.

హనోరా ఒక్కొక్కరినీ ముందుకి తోసింది. మార్జరీ గుమ్మం ఎత్తంది. హాగెట్ మోచేతి దాకా అన్నాడు. పాలపాక మనిషి బంగారు రంగు జుట్టంది. నాగలి తోలే ఇద్దరిలో ఒకడు చెవిటిదన్నాడు, రెండోవాడు చర్చిలో పాడేదన్నాడు.

"చెవిటిది పాడకూడదా?" అని మొదటివాడు లేచాడు.

"ఎద్దునెత్తడం నిజం!" అన్నాడు హాగెట్.

"ఆ సుకుమారి ఎద్దునెత్తడమేంటి, నీ మొహం! వేళ్ళతో వెన్న అద్దేది!" అని మార్జరీ అరిచింది.

ఇద్దరూ కొట్టుకునేలా ఉన్నారు. కొట్టం పైకప్పు మీద పావురాలు లేచిపోయాయి. పాదిరిగారు కలం పక్కన పెట్టి రెండు చేతులూ ఎత్తారు.

"చాలు, చాలు. అమ్మా, బ్రీన్, నువ్వు తెచ్చిన సాక్ష్యం బాగుంది. కానీ దీంతో తేలేది వీడు అబద్ధాలకోరని మాత్రమే. అది నాకు ముందే తెలుసు. పెళ్ళాం ఉన్నవాడు కూడా పెళ్ళాం గురించి అబద్ధాలు చెప్తాడు. ఉన్నవాడే ఎక్కువ చెప్తాడు."

హనోరా మొహం పాలిపోయింది. జేబెజ్ కాళ్ళ కింద గడ్డి చూశాడు.

"పెథరిక్ ఎక్కడ?" అన్నారు పాదిరిగారు. "నీ మాట మీద నాకు గురి ఉంది పెథరిక్. పదిహేనేళ్ళలో నీ మీద ఒక్క ఫిర్యాదు లేదు. టకెట్‌కి భార్య ఉందా?"

పెథరిక్ టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. జేబెజ్ వైపు చూశాడు. చూసి, తల తిప్పుకున్నాడు.

"ఉందయ్యగారూ."

"వీళ్ళు చెప్పినట్టు కాదు. పొడుగూ కాదు పొట్టీ కాదు, మామూలు మనిషి. కుడి చెంప మీద చిన్నప్పుడు కాలిన మచ్చ. జుట్టు గోధుమరంగు. నాకు నాలుగేళ్ళుగా ఒక్కలాగే చెప్పాడు, ఒక్కసారి తేడా రాలేదు." గొంతు సర్దుకున్నాడు. "మంచి మనిషి. రాత్రి పిల్లలకి గంజి తాగించి, తను గిన్నె గోక్కుంటుంది. పెద్దోడు విల్, వాడికి చెట్లెక్కడం పిచ్చి. తర్వాత లెటీ, నత్తి. తర్వాత జోయెల్."

పాదిరిగారు రాసుకుంటున్నారు. హనోరా కొట్టం తలుపు వైపు ఒక అడుగు వేసింది.

"తర్వాత కడగొట్టోడు, బార్నబీ," అన్నాడు పెథరిక్. ఆయన మొహం మీద అప్పటిదాకా ఉన్న బాధ కాస్త పక్కకి జరిగింది. "వాడు బుడతడు. మొన్న ఈస్టరుకి పుట్టాడు, ఇంకా ఏడు నెలలే."

కలం ఆగింది.

"ఎప్పుడు?"

"ఈస్టరుకయ్యగారూ. నేను జ్వరంతో పడున్నాను, బాగా జ్ఞాపకం."

"టకెట్ ఇక్కడికొచ్చి ఎన్నాళ్ళు?"

"ఆరేళ్ళు," అన్నాడు పెథరిక్.

పాదిరిగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. హాగెట్ వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టి, గట్టిగా నవ్వబోయి, మార్జరీ కాలు తొక్కడంతో దగ్గుగా మార్చుకున్నాడు. పెథరిక్‌కి మాత్రం అందరూ ఎందుకు చూస్తున్నారో కాసేపు అర్థం కాలేదు. తర్వాత అయింది. టోపీ అంచుని వేళ్ళతో నలపడం మొదలెట్టాడు.

"టకెట్," అన్నారు పాదిరిగారు నెమ్మదిగా. "ఇంగ్లండు నుంచి ఈ ఒడ్డుకొచ్చిన ప్రతి ఉత్తరం నా చేతి మీదుగానే పంచాను. ఆరేళ్ళలో నీకు ఒక్కటి రాలేదు. ఆ బిడ్డ పుట్టాడని నీకెవరు చెప్పారు?"

జేబెజ్‌కి ఆ క్షణాన చెప్పడానికి పది కథలు తట్టాయి. సముద్రం మీద కొట్టుకొచ్చిన సీసా, మాట్లాడే పిట్ట, ఓడ దిగిన మేనమామ. ఒక్కటీ నోట్లోకి రాలేదు.

"ఎవరూ చెప్పలేదయ్యగారూ. ఈస్టరప్పుడు ముసలోడు మంచం పట్టాడు. మూడు రోజులు నీళ్ళు కూడా తాగలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. విల్ గురించి చెప్పాను, లెటీ గురించి చెప్పాను, ఉలుకూ పలుకూ లేదు. ఏం చెయ్యాలో తోచక... బిడ్డ పుట్టాడన్నాను." చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నడుం మీద పెట్టుకుని, తీసేశాడు. "ఇటు తిరిగి 'మగబిడ్డా?' అన్నాడు. లేచి కూర్చుని గంజి తాగాడు. నెలలూ సంవత్సరాలూ అప్పుడు నాకు జ్ఞాపకం రాలేదయ్యగారూ. జ్ఞాపకం వచ్చినా పుట్టించేవాణ్ణే. మొదట్నించీ అంతే. గొయ్యిలో ఆయనకి కనబడేది ఏముంది? రంపం, పొట్టు, నా చెప్పుల అడుగు. వినడానికైనా ఏదో ఒకటి ఉండొద్దా?"

తలుపు వైపు కదిలిన హనోరా వెనక్కి వచ్చింది. తడి లేకపోయినా రెండు చేతులూ నడుముకి కట్టుకున్న గుడ్డకి తుడుచుకుని, జేబెజ్ పక్కన, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా నిలబడింది.

"నేను నమ్మానని చెప్పడానికొచ్చాను," అంది ఎవరికీ కాకుండా, పాదిరిగారి సిరాబుడ్డికి చెప్తున్నట్టు.

పాదిరిగారు కొత్త కాగితం తీశారు. చాలాసేపు రాశారు. "సర్కారుకి అబద్ధం చెప్పినందుకు శిక్ష ఉంది టకెట్. మేజిస్ట్రేటు గారు అడిగితే నేను దాచను. ఆయన నన్ను అడిగేవాటిల్లో ఎక్కువ గుర్రాల గురించే ఉంటాయి." ఇసక చల్లి సిరా ఆరబెట్టారు. "భార్య లేదని నేను విచారించి తేల్చుకున్నానని రాశాను. ఇంతవరకూ నా మాట ఆ ఆఫీసులో కొట్టెయ్యలేదు. క్రిస్మసు లోపల జవాబొస్తుంది. ఇక్కడ నీ గుర్తు పెట్టు."

కింద ఏం రాసుందో పాదిరిగారు చదివి వినిపించారు. తాను ఓడలో పలికినది అబద్ధమని, తనకు భార్యగానీ బిడ్డలుగానీ ఎన్నడూ లేరని. జేబెజ్ కలం పట్టుకుని అడ్డగీత గీశాడు. నిలువు గీత దగ్గర చెయ్యి కాస్త ఆగింది. గీశాడు.

తలెత్తేసరికి పెథరిక్ లేడు. కొట్టం బయట ఎండలో, టోపీ చేతిలోనే పట్టుకుని, గుడిసెల వైపు ఒక్కడే నడిచిపోతున్నాడు. హాగెట్ పిలిచాడు. ఆయన తిరిగి చూడలేదు.

మార్జరీ ముక్కు చీదుకుంది. "నలుగురు పిల్లల్ని ఒక్క గీతతో తీసేశావు కదరా దుర్మార్గుడా!" అంది. "పోనీలే, శుభం. వచ్చే పండక్కి నీ పెళ్ళికి ఎండుద్రాక్షలు వేసి రొట్టె చేస్తాను."

అందరూ జేబెజ్ వీపు తట్టారు. కొరడా కాకుండా ఇంకోటి ఆ వీపు మీద పడడం చాలా రోజులకి అదే. హనోరా నవ్వింది. జేబెజ్ కూడా నవ్వాడు. కళ్ళు మాత్రం గుడిసెల దారి వైపే.

సోమవారం పొద్దున జేబెజ్ వచ్చేసరికి పెథరిక్ గొయ్యిలో దిగి ఉన్నాడు. కొత్త దుంగని ఇనప కొక్కేలతో బిగించి ఉంది. మొన్నటి పొట్టంతా ఊడ్చి ఒక మూల పోసి ఉంది. జేబెజ్ మసి దారం అటు చివర మేకుకి తగిలించి, లాగి, టప్‌మని వదిలాడు. నల్లటి గీత పడింది. దుంగెక్కి పిడి పట్టుకున్నాడు.

"రెడీనా?" అన్నాడు.

కిందినుంచి ఒక గుంజు.

కోశారు. ఒక పలక దిగింది, రెండోది సగమైంది. ఎండ చెట్ల పైకొచ్చింది. జేబెజ్ రెండుసార్లు నోరు తెరిచాడు. ఏం చెప్తాడు? చెప్పడానికి ఉన్నవాళ్ళందరినీ నిన్న కాగితం మీద కొట్టేశాడు. ఓడలో తిన్న పురుగుల రొట్టె గురించి చెప్పబోతే గొంతులోనే ఎండిపోయింది.

మార్జరీ పంపిన టీ డబ్బా, ఉప్పు మాంసం పెట్టిన రొట్టె పట్టుకుని హనోరా వచ్చింది. డబ్బా మూత తీసి గొయ్యి అంచున పెట్టి, పలకల మీద కూర్చుంది. జేబెజ్ లోటాలో టీ పోసి, వంగి కిందికి అందించాడు. పొట్టు అంటిన చెయ్యి పైకొచ్చి అందుకుంది.

ఊదుకుంటున్న చప్పుడు. గుటక. ఇంకో గుటక.

"ఒరే జేబెజూ," అంది గొయ్యి.

"ఆఁ."

"ఆ బుడతడికి పళ్ళొచ్చాయా?"

జేబెజ్ దుంగ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే బిగుసుకుపోయాడు. కళ్ళల్లో పొట్టు పడినట్టు రెప్పలాడించాడు. హనోరా వైపు చూశాడు.

హనోరా పలకల మీంచి లేచింది. గొయ్యి అంచు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ముసలాయన మొహం కనబడేదాకా వంగింది.

"రెండొచ్చాయి తాతా," అంది. "కిందివి."